పెట్టె తెరిచేసరికి గడ్డకట్టిన పట్టు: గోదావరి డెల్టా నుంచి ఒక కేస్ స్టడీ

భీమవరానికి దగ్గరలో, కాలువ గట్టున ఉన్న ఒక పాత ధాన్యం గోదామును అద్దెకు తీసుకుని మేము సాలీడు పట్టు ప్రొటీన్ తయారు చేస్తున్నాం. మా దగ్గర సాలీళ్లు లేవు. సాలీడు జన్యువులో కొంత భాగాన్ని ఇ.కోలి బ్యాక్టీరియాలో పెట్టి, ఆ బ్యాక్టీరియాను పెంచి, అది తయారు చేసిన ప్రొటీన్‌ను వేరు చేస్తాం. నీళ్లలో కరిగిన చిక్కని ద్రావణంగా దాన్ని హైదరాబాద్‌లోని ఒక భాగస్వామి ప్రయోగశాలకు పంపుతాం. దారం తీసే యంత్రం, ఆ దారాన్ని లాగి బలం కొలిచే యంత్రం వారి దగ్గర ఉన్నాయి. శస్త్రచికిత్సలో వాడే సన్నటి కుట్టుదారం ఈ ప్రొటీన్‌తో సాధ్యమవుతుందా అన్నది మా రెండు బృందాల ఉమ్మడి ప్రశ్న.

ఒక వేసవిలో మేము వరుసగా పంపిన నాలుగు సరుకులు అక్కడ పెట్టె తెరిచేసరికి జున్నులా గడ్డకట్టి ఉన్నాయి. కారణం పట్టుకోవడానికి పది వారాలు పట్టింది. మమ్మల్ని దారి తప్పించింది ఒక నిజమైన శాస్త్ర సమాచారమే కనుక, తప్పటడుగులను కూడా దాచకుండా రాస్తున్నాను. ఈ రంగంలోకి వస్తున్న మన పిల్లలకు మేము పోగొట్టుకున్న పది వారాలు మిగలాలి.

ఏ ప్రొటీన్, ఎందుకు

సాలె అంటే నేతగాడు. నేసే పురుగు కాబట్టి మనవాళ్లు సాలెపురుగు అన్నారు. గూటికి వాసాల్లాంటి ఆధారంగా, తాను వేలాడే తాడుగా సాలీడు వాడే దారం, అది తీసే రకరకాల దారాలన్నింటిలోకి బలమైనది. లాగుడు బలంలో అది దాదాపు 1.1 గిగాపాస్కల్. ఉక్కుది 1.5, బుల్లెట్‌ప్రూఫ్ కోట్లలో వాడే కెవ్లార్ పోగుది 3.6 అని పాఠ్యగ్రంథాల్లో చూస్తాం. అయితే తెగేలోపు ఎంత శక్తిని మింగగలదు అన్న లెక్కకు వచ్చేసరికి సాలీడు దారం ఘనపు మీటరుకు 160 మెగాజౌళ్లు, కెవ్లార్ 50, ఉక్కు 6 మాత్రమే. గూటిలోకి దూసుకొచ్చిన తూనీగను తెగకుండా, సాగి పట్టుకునేది ఈ గుణమే.

పట్టుపురుగులను పెంచినట్లు సాలీళ్లను పెంచలేం. గుంపుగా ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి. 2009లో ప్రదర్శించిన మడగాస్కర్ బంగారు వస్త్రం కోసం పదిలక్షలకు పైగా సాలీళ్లను పట్టి, దారం తీసి, మళ్లీ వదలాల్సి వచ్చింది. అందుకే బ్యాక్టీరియా దారి పట్టారు. ఆ దారీ సులువైనది కాదు. ఈ ప్రొటీన్‌లో గ్లైసిన్, అలనైన్ అనే రెండు అమైనో ఆమ్లాలే సింహభాగం. ఒకే వరుస మళ్లీ మళ్లీ వస్తుంది. బ్యాక్టీరియాకు గ్లైసిన్‌ను మోసుకొచ్చే ఆర్‌ఎన్‌ఏ చాలక, పని సగంలో ఆగిపోయి పొట్టి ముక్కలు వస్తాయి. 2010లో దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు ఆ ఆర్‌ఎన్‌ఏను పెంచి, సహజ పరిమాణానికి సాటిగా 284.9 కిలోడాల్టన్ల (అణువు బరువుకు కొలమానం) ప్రొటీన్‌ను ఇ.కోలిలో తయారు చేయగలిగారు.

మేము ఎంచుకున్నది అంత పెద్దది కాదు. 2017లో స్వీడన్ బృందం ప్రకటించిన ఎన్‌టీ2రెప్‌సీటీ అనే 33 కిలోడాల్టన్ల చిన్న రూపం మాది. ఈ ప్రొటీన్ గొలుసులో తల, నడుము భాగాలు ఒక ఆఫ్రికా సాలీడువి, తోక ఒక తూర్పు ఆసియా సాలీడుది. మధ్యలో పదేపదే వచ్చే వరుసలు రెండే ఉంటాయి. దీని గొప్పతనం కరిగే గుణంలో ఉంది. మిల్లీలీటరు నీటిలో 500 మిల్లీగ్రాముల వరకు కరిగి, ఆమ్లపు తొట్టిలోకి సన్నని గాజు సూది గుండా వదిలితే దారమై వస్తుంది. ఘాటైన ద్రావకాలతో పని లేదు. మాలాంటి చిన్న ప్రయోగశాలకు ఇది పెద్ద వరం.

ఈ కేసు అర్థం కావాలంటే తల, తోకల సంగతి ఒక్కటి తెలియాలి. సాలీడు గ్రంథిలో పీహెచ్ (ఆమ్లగుణానికి కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 7.6 దరిదాపుల్లో ఉన్నప్పుడు ప్రొటీన్ హాయిగా కరిగి ఉంటుంది. దారం బయటికి వచ్చే నాళంలో పీహెచ్ 5.7కి పడిపోతుంది. అప్పుడు తలలు జతలు జతలుగా ముడిపడతాయి. తోకలు మడత విప్పుకుని గట్టిపడటానికి నాంది పలుకుతాయి. ఆ ఆమ్లగుణాన్ని పుట్టించేది కార్బానిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్. అది కార్బన్ డయాక్సైడ్‌ను నీటితో కలిపి ఆమ్లంగా మారుస్తుంది. ఈ మాటలు నేను ఎన్నోసార్లు చదివాను, విద్యార్థులకు చెప్పాను. అయినా పది వారాలపాటు నా కళ్లముందు జరుగుతున్నది అదేనని గుర్తించలేదు.

తయారీ సంగతి క్లుప్తంగా

పది లీటర్ల ఫెర్మెంటర్‌లో గ్లిజరాల్ ఆహారంగా బ్యాక్టీరియాను పెంచుతాం. చక్కెర ఫ్యాక్టరీల ప్రాంతంలో ఉండి మొలాసిస్ ఎందుకు వాడరని చాలామంది అడుగుతారు. మేము వాడే బీఎల్21 రకం ఇ.కోలి చక్కెరను నేరుగా తినలేదు. ముందుగా దాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొట్టాలి, ఆ గ్లూకోజ్ మళ్లీ జన్యువును నిద్రపుచ్చుతుంది. ఆ పని మరోసారి. ప్రొటీన్ తయారీ మొదలుపెట్టమని సంకేతమిచ్చే ముందు ఉష్ణోగ్రతను 20 డిగ్రీలకు దించుతాం. మే నెలలో ఇక్కడ ఆ 20 డిగ్రీలు నిలబెట్టడమే అసలు ఖర్చు. కాలువలు కట్టేసిన రోజుల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కనుక బఫర్‌కు, అంటే పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణానికి, వాడే ప్రతి చుక్కా ఆర్‌ఓ దాటి రావాల్సిందే. జన్యుమార్పిడి జీవులపై 1989 నాటి నిబంధనల ప్రకారం మాకు జీవభద్రతా సంఘం ఉంది. మిగిలిన కల్చర్‌ను 121 డిగ్రీల ఆవిరిలో చంపకుండా చుక్క కూడా బయటికి పోనివ్వం.

చివరికి నికెల్ కాలమ్ మీద శుద్ధి చేసి, 20 మిల్లీమోలార్ గాఢత గల ట్రిస్ బఫర్‌లో, పీహెచ్ 8 దగ్గర, మిల్లీలీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా చిక్కబరుస్తాం. అప్పుడది పలుచని తేనెలా, తేటగా ఉంటుంది.

మొదటి సరుకు, మొదటి నిర్ధారణ

మే నెల. ఐస్ బ్యాగుల మధ్య గొట్టాలు పెట్టి, రాత్రి బస్సులో పార్సిల్ వేశాం. బస్సు ఆలస్యమైంది. పెట్టె మధ్యాహ్నం దాకా ఎండలో ఉండిపోయింది. తెరిచేసరికి ఐస్ బ్యాగులు గోరువెచ్చగా, ప్రొటీన్ గడ్డగా ఉన్నాయి.

ఇందులో వింత లేదు. ఈ ప్రొటీన్ 37 డిగ్రీల దగ్గర ఉంచితే దానంతటదే జెల్‌గా మారుతుందని 2022లో ప్రచురితమైంది. దానికీ తల భాగమే కారణం. డెల్టాలో మే నెల మధ్యాహ్నం 37 డిగ్రీలు దాటడం అనూహ్యమేమీ కాదు. "వేడి వల్లే" అని రాసుకున్నాను. ఆ సరుకు విషయంలో అది సరైన నిర్ధారణే. తరువాతి మూడింటికీ అదే నిర్ధారణను మోసుకెళ్లడం నా తప్పు.

వేడే శత్రువైతే మందు తేలిక. విజయవాడ నుంచి డ్రై ఐస్ తెప్పించాం. మైనస్ 78 డిగ్రీలుండే ఆ ముక్కల మధ్య గడ్డకట్టించిన గొట్టాలు పెట్టి పంపాం. అక్కడ కరిగించారు. గట్టిపడింది. డ్రై ఐస్ చాల్లేదేమో, దారిలో అయిపోయిందేమో అనుకుని మూడోసారి రెట్టింపు వేశాం. ఫలితం ఇంకా అధ్వానం, ఒక్క గొట్టం కూడా మిగల్లేదు. నాలుగోసారి ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న పరికరాన్ని పెట్టెలో ఉంచాం. ప్రయాణమంతా మైనస్ 60కి పైకి రాలేదని అది చూపించింది. ప్రొటీన్ మాత్రం జున్నే.

ఆ రోజు నాకు నిద్రపట్టలేదు. ఒక్కో సరుకు వెనక మా నలుగురి రెండు వారాల శ్రమ ఉంది.

అనుమానితులను ఒక్కొక్కరినీ పక్కన పెట్టడం

ప్రొటీన్‌లోనే లోపముందా అని ముందు చూశాం. ప్రతి సరుకులో రెండేసి గొట్టాలను జత నమూనాలుగా మా ఫ్రీజర్‌లోనే ఉంచుతాం. వాటిని కరిగిస్తే తేటగా, తేనెలా ఉన్నాయి. ప్రొటీన్లను బరువు ప్రకారం విడదీసే జెల్ మీద నడిపిస్తే ఒకే గీత, 33 కిలోడాల్టన్ల దగ్గర. పొట్టి ముక్కలు లేవు, ఎంజైములు కొరికిన జాడలు లేవు. కాబట్టి గడ్డకట్టించడం, కరిగించడం కూడా దోషులు కావు. తేడా ప్రయాణంలోనే ఉంది.

కుదుపు మీదకు మనసు పోయింది. సాలీడు పట్టు లాగుడుకు, రాపిడికి గట్టిపడుతుందన్నది నిజం. గడ్డకట్టిన ద్రావణాన్ని కుదుపు ఏమీ చేయలేదని తెలిసినా, ఆశ చావక, కరిగి ఉన్న ప్రొటీన్‌ను మామూలు ఐసులో పెట్టి మా టెక్నీషియన్ మోటారు సైకిల్‌కు కట్టి నరసాపురం దాకా తిప్పి తెచ్చాం. తేటగానే తిరిగొచ్చింది.

పీహెచ్ గురించి ఆలోచించలేదా అని మీరు అడగవచ్చు. ఆలోచించాం. డ్రై ఐసులో పంపిన సరుకు గడ్డకట్టిన ప్రతిసారీ హైదరాబాద్‌లో కొలిచారు. 7.8, 7.9, 7.9 వచ్చింది. పుస్తకంలో రాసుకుని, గీత కొట్టి, ముందుకు పోయాం.

ఆ సమయంలోనే చిన్న ఆధారం ఒకటి కంటబడింది. నాలుగో సరుకులోని గడ్డను గాజు కడ్డీతో తాకి పైకి లాగితే అది తెగకుండా సన్నటి పోగుగా సాగిందని అక్కడి సహోద్యోగిని వీడియో పంపింది. పాడైన ప్రొటీన్ పెళుసుగా విరుగుతుంది, పోగుగా సాగదు. ఇది పాడవలేదు. ఎవరో ముందుగానే "దారంగా మారు" అని దానికి ఆజ్ఞ ఇచ్చారు.

చెరువు గట్టు నుంచి వచ్చిన మాట

మా టెక్నీషియన్ ఆకివీడు దగ్గర రొయ్యల చెరువులున్న కుటుంబంలోని కుర్రాడు. పుస్తకంలో ఆ మూడు పీహెచ్ అంకెల వైపు చాలాసేపు చూసి అడిగాడు.

"మేడమ్, ఇది ఎప్పుడు చూశారండీ? మూత తీయగానేనా?"

ఫోను చేసి కనుక్కున్నాను. మూత తీసి, గడ్డను కొంత కొత్త బఫర్‌లో చిదిపి, గంట తరువాత కొలిచారట.

"అయితే అది లెక్కలోకి రాదండీ. చెరువు నీళ్లు సీసాలో ఇంటికి తెచ్చి చూస్తే మా నాన్న ఒప్పుకోరండీ. గట్టు మీదే చూడాలంటారు. తెల్లవారుజామున చెరువులో గ్యాస్ ఎక్కువుండి పీహెచ్ తక్కువుంటుంది కదండీ. సీసా మూత తీసి ఉంచితే గ్యాస్ పోయి, పీహెచ్ పైకి వచ్చేస్తుంది."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

డెల్టాలో రొయ్యలు పెంచే ఏ రైతుకైనా ఇది తెలిసిన విషయం. పగలు ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) కార్బన్ డయాక్సైడ్‌ను తినేస్తుంది, సాయంత్రానికి పీహెచ్ పెరుగుతుంది. రాత్రంతా చెరువులోని ప్రతి ప్రాణీ ఆ వాయువును వదులుతుంది, తెల్లవారేసరికి పీహెచ్ అట్టడుగుకు చేరుతుంది. హేచరీ నుంచి ఆక్సిజన్ నింపిన సంచుల్లో వచ్చే సీడ్‌ను, అంటే రొయ్య పిల్లలను, ఒక్కసారిగా చెరువులో వదలరు. సంచిని నీటిలో తేలనిచ్చి, చెరువు నీళ్లను కొంచెం కొంచెంగా లోపలికి పోస్తారు. దారి పొడవునా పిల్లలు వదిలిన వాయువుతో సంచిలో పీహెచ్ పడిపోయి ఉంటుందని వారికి తెలుసు.

మరి డ్రై ఐస్ అంటే ఏమిటి? ఘనరూపంలోని కార్బన్ డయాక్సైడే. బిగించిన థర్మోకోల్ పెట్టెలో అది ఆవిరవుతూ మా గొట్టాలను రాత్రంతా ఆ వాయువులోనే ముంచి ఉంచింది. మేము వాడినవి రబ్బరు వాషరు లేని మూతలు. అంత చలికి ప్లాస్టిక్ ముడుచుకుని మూత వదులవుతుంది, వాయువు లోపలికి చేరుతుంది. బల్ల మీద కరిగేటప్పుడు మూత మళ్లీ బిగుసుకుంటుంది. పదిహేను మిల్లీలీటర్ల గొట్టంలో మా ప్రొటీన్ ఐదు మిల్లీలీటర్లే. మిగిలిన పది మిల్లీలీటర్ల ఖాళీలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ కరుగుతున్న ద్రావణంలోకి దిగుతుంది. సాలీడు తన నాళంలో చేసే పనినే మేము పెట్టెలో చేసి పంపాం. డ్రై ఐస్ రెట్టింపు చేసినప్పుడు నష్టం ఎందుకు పెరిగిందో కూడా అప్పుడు అర్థమైంది.

కాగితం మీద లెక్క వేశాను. 20 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 8 దగ్గర, ఆమ్లాన్ని తట్టుకునే రూపంలో ఉండేది సుమారు 9 మిల్లీమోలార్ మాత్రమే. 25 డిగ్రీల దగ్గర ఒక వాతావరణ పీడనంలో నీటిలో కరిగే కార్బన్ డయాక్సైడ్ దాదాపు 34 మిల్లీమోలార్. ఆ రెండింటి నిష్పత్తి నుంచి బఫర్ చేరగల పీహెచ్ సుమారు 5.8 వచ్చింది. సాలీడు నాళంలోని పీహెచ్ 5.7. ఆ అంకెను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. చిక్కని ప్రొటీన్ తనవంతుగా కొంత ఆమ్లాన్ని తట్టుకుంటుంది కనుక అసలు గొట్టంలో అంత లోతుకు పోకపోవచ్చు. కానీ తలలు ముడిపడటానికి అంత లోతు అవసరం లేదు.

రుజువు

లెక్క సరిపోయింది కదా అని నమ్మేస్తే వేడి విషయంలో చేసిన తప్పునే మళ్లీ చేసినట్లవుతుంది. మూత తీయకుండా పీహెచ్ చూడాలి. దానికీ చెరువు నీళ్ల పీహెచ్ చూసే కిట్టే దారి చూపింది. అందులో రంగు మారే చుక్కల్లాగే బ్రోమోథైమాల్ బ్లూ అనే రంగు ఒకటుంది. పీహెచ్ 7.6 దాటితే నీలం, 6 లోపు పసుపు, మధ్యలో ఆకుపచ్చ.

ప్రొటీన్ లేని ఉత్త బఫర్‌లో ఆ రంగు వేసి పన్నెండు గొట్టాలు నింపాం. నాలుగు పాత మూతలతో, నాలుగు రబ్బరు వాషరు మూతలతో అంచు దాకా నింపి, డ్రై ఐసులో. మిగతా నాలుగు మామూలు ఐసులో. ఒక రాత్రంతా ఉంచి, మరునాడు మూతలు తీయకుండానే కరిగించాం. పాత మూతల గొట్టాలు నాలుగూ నిమ్మపండు రంగులో ఉన్నాయి. తక్కినవన్నీ నీలమే. పసుపు గొట్టాల్లో ఒకదాని మూత తీసి బల్ల మీద కదుపుతూ ఉంటే, అది మా కళ్లముందే ఆకుపచ్చగా మారి, నెమ్మదిగా నీలం వైపు జరిగింది. హైదరాబాద్‌లో మూడుసార్లు కొలిచిన 7.8, 7.9 అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో అక్కడే కనిపించింది.

ప్రొటీన్‌తో కూడా చూడాలి. ఊళ్లో గోలీ సోడాలు నింపే దుకాణం నుంచి సిలిండర్ అడిగి తెచ్చుకున్నాం. వేడి మీద అనుమానం మిగలకుండా రెండు గొట్టాలను ఐసు నీళ్లలో ఉంచి, ఒకదాని ఖాళీలో ఆ వాయువు నింపి, రెండోదాన్ని మామూలు గాలితో వదిలి, రెండింటినీ మూసి మెల్లగా తిప్పాం. మొదటిది ముందు మసకబారింది, తరువాత తెల్లబడింది, మధ్యాహ్నానికి గొట్టం తిరగేసినా జారలేదు. రెండోది మరునాటికీ తేటగానే ఉంది.

ఏమి మార్చాం

డ్రై ఐస్ మానేశాం. చిక్కని ద్రావణం పంపడం కూడా మానేశాం. ఇప్పుడు మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల పలుచని ద్రావణాన్ని, ట్రిస్‌ను 50 మిల్లీమోలార్‌కు పెంచి, గడ్డకట్టించకుండా, వాషరు మూతల గొట్టాల్లో అంచు దాకా నింపి పంపుతాం. చిక్కబరచడం హైదరాబాద్‌లో దారం తీసే ముందు జరుగుతుంది. వారికి అరరోజు పని పెరిగింది, సంతోషంగా ఒప్పుకున్నారు. డ్రై ఐస్ తప్పనిసరైన నమూనాలు ఎప్పుడైనా వస్తే, చేరాక వాటిని కరిగించకుండా, మూత వదులు చేసి ఒక రోజు మైనస్ 80 ఫ్రీజర్‌లో ఉంచి, వాయువు పోయాకే కరిగించాలని రాసి పెట్టుకున్నాం.

మామూలు ఐసుతో వేసవిలో ఎలా అన్న ప్రశ్నకు రొయ్యలు ప్యాక్ చేసే పెద్దాయన ఒకరు జవాబిచ్చారు. "అమ్మా, మీరు ఐసు పైన వేసి ఊరుకుంటున్నారు. వేడి అడుగు నుంచి కూడా వస్తుంది" అని, మందమైన థర్మోకోల్ పెట్టెలో అడుగున, నాలుగు పక్కలా, పైన నలగ్గొట్టిన ఐసు పొరలు ఎలా పరచాలో దగ్గరుండి చూపించారు. ఎగుమతి సరుకును మండుటెండల్లో చెడకుండా చేర్చే చేతులవి. ఉష్ణోగ్రత పరికరం ప్రకారం ఆ పెట్టె లోపల మరునాటి మధ్యాహ్నం దాకా 5 డిగ్రీలు దాటలేదు.

ఆ తరువాత పంపిన మూడు సరుకులూ తేటగా చేరాయి. మూడింటి నుంచీ దారం వచ్చింది. స్వీడన్ బృందం ఇదే ప్రొటీన్‌తో 2017లో సాధించిన బలం సుమారు 160 మెగాపాస్కల్, అంటే సహజ దారంలో ఏడో వంతు. మా దారం ఇంకా దానికంటే తక్కువలోనే ఉంది. దారం మందం ఒకేలా రావడం లేదు, ముందు అది సరిచేయాలి. దిగుబడిలోనూ చాలా దూరం ఉంది. ఇదే ప్రొటీన్‌ను ఫెర్మెంటర్‌లో లీటరుకు 14.5 గ్రాముల వరకు తీసినట్లు 2021లో ప్రచురితమైంది. మాకు ఆ దరిదాపులు కనిపించడం లేదు.

వానాకాలం మరో పాఠం మొదలుపెట్టింది. హైదరాబాద్ నుంచి చట్రాలకు బిగించి పంపిన దారాలు మా గదిలో రెండు రోజుల్లో కుంచించుకుపోయి, కొన్ని అంచుల దగ్గర తెగాయి. సహజ సాలీడు దారం తడిస్తే సగం పొడవుకు కూడా ముడుచుకోగలదు. లోపల వరుసలను పట్టి ఉంచిన బంధాలను నీరు వదులు చేస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో ఇక్కడి గాలిలో ఆ నీటికి కొదవ లేదు. శరీరం లోపల ఉండబోయే కుట్టుదారానికి ఇది చిన్న సమస్య కాదు కనుక, ఇప్పుడు దారాలను గాలిలో తేమను మార్చుతూ కొలుస్తున్నాం. కొలతలు పూర్తయ్యాక విడిగా రాస్తాను.

ప్రతి పెట్టెలోనూ ఇప్పుడు రంగు కలిపిన బఫర్ గొట్టం ఒకటి ప్రొటీన్‌తో పాటు ప్రయాణం చేస్తుంది. హైదరాబాద్‌లో పెట్టె తెరవగానే, ఏ మూతా తీయక ముందు, ఆ గొట్టానికి ఫోటో తీసి మా టెక్నీషియన్‌కు పంపాలన్నది నియమం. నిన్న ఉదయం వచ్చిన ఫోటోలో అది నీలంగా ఉంది.